అంచు చట్రం

లెక్క నాది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను నిలదీయక్కర్లేదు. మా ఇరవై రెండు తేనెపెట్టెలకీ పొగ పెట్టేది అన్నయ్య. మూతలు తీసేది, తేనెపట్టు కట్టిన చెక్క చట్రాలు పైకెత్తేది, ఎత్తినదాన్ని ఎత్తిన చోటే దించేది కూడా అన్నయ్యే. నల్లిని లెక్కపెట్టేది మాత్రం నేను.

నల్లి అంటే మంచాల్లో ఉండేది కాదు. ఇది ఆవగింజలో సగం ఉంటుంది, ఎర్రగా, పలచగా. ఈగ పొట్టకింద పొలుసుల మధ్య దూరి దాని ఒంట్లోది తాగుతుంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పిల్ల ఈగ పెరిగే గదిలోకి ముందే దూరి, గదికి మైనం మూత పడ్డాక లోపల తన సంతానాన్ని పెంచుకుంటుంది. అలాంటి గదిలోంచి వచ్చిన ఈగకి రెక్కలు నలిగిపోయి ఉంటాయి. ఎగరలేదు. పెట్టె ముందు నేలమీద పాకి పాకి చస్తుంది. అందుకని నెలకోసారి లెక్క చూడాలి. అరకప్పు ఈగల్ని, అంటే సుమారు మూడు వందల్ని, జాలీ ఉన్న సీసాలోకి దులిపి, స్పిరిట్ పోసి నిమిషంపాటు తిప్పితే నల్లులు ఊడి అడుగుకి దిగుతాయి. ఆ మూడు వందల ఈగలూ చచ్చిపోతాయి, అది తప్పదు. తొమ్మిది లోపు వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. దాటితే మందు వేయాలి.

అన్నయ్య ఇరవై ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. నలభై ఎనిమిదో ఏట రెండు కళ్ళకీ మధ్యలో చూపు పోయింది, పక్కల్లో కాస్త మిగిలింది. గోడ కనిపిస్తుంది, గోడమీది గడియారం కనిపించదు. మనిషి కనిపిస్తాడు, మొహం కనిపించదు. డాక్టరు చేతులెత్తేశాడు. ఆ తర్వాత ఆరు నెలలు అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి ముందు పెడితే రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకి తోసేవాడు. స్నానానికి కూడా వదిన బతిమాలాల్సి వచ్చేది.

ఆ మనిషిని మంచం దించినవి తేనెటీగలు. సరదాకి పెంచుకున్న రెండు పెట్టెలు ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఉండేవి. ఓ రోజు అందులోంచి ఒక గుంపు లేచొచ్చి ఆయన పడుకున్న గది కిటికీకి వేలాడింది. చప్పుడికి అన్నయ్య లేచి కూర్చున్నాడు. కాసేపు విని, "అట్టపెట్టె ఒకటి పట్రండి" అన్నాడు. ఆరు నెలల్లో ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. ఆ రెండు పెట్టెలూ ఆరేళ్ళలో ఇరవై రెండయ్యాయి. పెట్టె మీద చెయ్యి వేసి ఇది ఆకలితో ఉంది, ఇది కోపంగా ఉంది, దీనికి రాణి లేదు అని చెప్పేవాడు. చెప్పింది చెప్పినట్టు ఉండేది. ఒక్క నల్లి సంగతే ఆయన చేతికీ చెవికీ తెలిసేది కాదు. దానికి కళ్ళు కావాలి.

ఆ కళ్ళు నావి. నేను బట్టలు కుడతాను. మసక వెలుతురులో కూడా మొదటిసారికే సూదిలో దారం ఎక్కిస్తాను. ఓపిక తక్కువ, నోరెక్కువ. ఆ రెంటివల్లా మొగుడితో పొసగక పన్నెండేళ్ళ కిందట అన్నయ్య ఇంటి మేడమీద గదిలో దిగాను. కింద వదిన, పైన నేను. ఇన్నాళ్ళు జుట్లు పట్టుకోకుండా నెగ్గుకొచ్చామంటే ఆ గొప్ప వదినదే. "ఆడపడుచు అర్ధమొగుడంటారు, మాకు ముప్పాతిక దొరికింది" అని నవ్వేది. కోపం వస్తే నన్ను సీమటపాకాయ్ అనేది. అన్నయ్య మాత్రం చిన్నప్పటిలాగే చిన్నీ అంటాడు.

మూడేళ్ళ కిందట ఒక ఎండాకాలం పొద్దున పదకొండో పెట్టె తెరిచాం. ఆ పెట్టె రాణిని అన్నయ్య స్వయంగా పెంచాడు. నేను దాని వీపు మీద నీలం చుక్క పెట్టాను. మధ్య చట్రం తీసి నా చేతికిచ్చి, "రాణిని చూశావా?" అన్నాడు.

"చూశాలే. ఎన్నిసార్లడుగుతావ్" అన్నాను.

చూడలేదు. పది గంటలకల్లా ఇవ్వాల్సిన జాకెట్లు రెండు మిషన్ మీద ఉన్నాయి. ఆ తొందరలో చట్రాన్ని దులిపి, ఈగల్ని సీసాలోకి వంచి, స్పిరిట్ పోసి తిప్పాను. అడుగున నల్లులు నాలుగే. వాటి పైన జాలీకి ఆనుకుని, మిగతా ఈగలకంటే పొడుగ్గా, నీలం చుక్కతో రాణి ఉంది. అన్నయ్య పక్క పెట్టె దగ్గర కూనిరాగం తీస్తూ పొగడబ్బా ఊదుకుంటున్నాడు. నేను రాణిని తీసి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను. "నాలుగు" అన్నాను. "బంగారం" అన్నాడు.

సాయంత్రానికి ఆ పెట్టె ఒకటే మూలుగు. రాణి లేని పెట్టె అలాగే మూలుగుతుంది. అన్నయ్య వెళ్ళి చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. తిరిగొచ్చి మెట్టు మీద కూర్చుని, "నా చేతికిందే నలిగుంటుంది చిన్నీ. చట్రం దించేటప్పుడు వేలికేదో తగిలింది" అన్నాడు.

తగల్లేదు. రాణి నా జేబులో ఉంది. ఆ ముక్క చెప్పడానికి నోరు తెరిచాను. నోరున్నది నాకే కదా ఈ ఇంట్లో. ఊరందరితో తగువుపడగలిగిన నోరు ఆ ఒక్క మాట దగ్గర మూసుకుపోయింది. అన్నయ్య తొమ్మిది రోజులు మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పదో రోజు నేనే గదిలోకి వెళ్ళి, "నువ్వు లేస్తావా, పెట్టెలన్నీ బండికెత్తి ఎవరికైనా ఇచ్చేయమంటావా" అని కేకలేస్తే లేచాడు. లేచిన మనిషికి అసలు సంగతి చెప్పి మళ్ళీ కుళ్ళబొడవడం ఎందుకనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా కూడా ఉండింది, అదీ ఒప్పుకుంటాను.

అప్పట్నించి నేను మధ్య చట్రం ముట్టలేదు. పెట్టెలో పది చట్రాలుంటాయి. మధ్యవాటిలో రాణి గుడ్లు పెడుతుంది, పిల్లలు పెరుగుతాయి. రెండు అంచుల్లో తేనె ఉంటుంది. రాణి ఆ చివరికి రాదు. కాబట్టి అంచు చట్రం మీంచి ఈగల్ని దులిపితే ఏ భయమూ లేదు. అన్నయ్య పక్క పెట్టె వైపు తిరిగేదాకా ఆగి, అంచుది తీసి దులిపేసేదాన్ని. చిక్కేమిటంటే నల్లి కూడా ఆ చివరికి పెద్దగా రాదు. పిల్లల్ని సాకే లేత ఈగల్ని పట్టుకుని మధ్యలోనే ఉంటుంది. ఇది నాకు తెలీదా? సగం తెలుసు. తెలిసిన ఆ సగాన్ని మూడేళ్ళు తొక్కిపెట్టాను.

రెండు. ఒకటి. మూడు. రెండు. నెలనెలా నా లెక్క విని అన్నయ్య పొంగిపోయేవాడు. "మందు లేకుండా నెట్టుకొస్తున్నామంటే మన ఈగల జాతి గట్టిది" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కళ్ళు లేని మా అన్నయ్యేం పడతాడు.

ఈ ఏడు వానలు వెనకపట్టాక, చలి ఇంకా మొదలవ్వకముందు, బట్టలారేస్తూ వదినే మొదట చూసింది. "ఏమ్మా, ఈ ఈగలేంటి నడుచుకుంటూ పోతున్నాయి? ఆఖరి బస్సు గానీ వెళ్ళిపోయిందా?" అంది. వంగి చూశాను. ఐదో పెట్టె ముందు నేలమీద పది పన్నెండు ఈగలు పాకుతున్నాయి. రెక్కలు నలిగి ఉన్నాయి. పక్క పెట్టె ముందూ అంతే.

అన్నయ్య ఆ ఉదయమే అన్నాడు, "చిన్నీ, పెట్టెల గొంతు పలచబడింది. మొన్నటి లెక్కెంత?"

"రెండే."

"అయితే ఆకలేమోలే" అని పంచదార పానకం కలపడానికి లేచాడు.

పాకే ఈగల్ని నాలుగింటిని అగ్గిపెట్టెలో వేసుకుని తేనెటీగల సామాన్లమ్మే షాపుకి వెళ్ళాను. షాపాయన కూడా ఈగల్ని పెంచుతాడు. అగ్గిపెట్టె తెరిచి చూడగానే ఆయన మొహం మారింది.

"లెక్క ఎంతొచ్చింది మేడమ్?"

"రెండు."

"రెండుకి ఇలా అవదే. ఏ చట్రం మీంచి తీశారు?"

"మధ్యదే" అన్నాను, తడుముకోకుండా.

"అంచుది తీస్తే మాత్రం దండగ. కొంతమంది రాణికి భయపడి అంచుది తీస్తారు. లెక్క చూసి మురిసిపోతారు. చలి రాకముందే పెట్టెలు ఖాళీ." ఆయన మామూలుగానే అన్నాడు, తూకం వేస్తూ. నాకు తేలు కుట్టిన దొంగలా అయిపోయింది. మందు పొట్లం కడుతూ ఇంకో మాట కూడా చెప్పాడు. పన్నెండు, పదిహేను దాకా ఉంటే ఈ యాసిడ్ పానకంలో కలిపి పోస్తే సరిపోతుంది. ముప్పై దాటితే ఊరికే పోసి లాభం లేదు. మూత పడ్డ గదుల్లో ఉన్న నల్లికి ఇది తగలదు. పిల్లలున్న చట్రాలన్నీ తీసి కాల్చేసి, అప్పుడు పోయాలి. పిల్లలు పోతాయి గానీ పెద్దవి బతుకుతాయి.

ఇంటికొచ్చేసరికి అన్నయ్యని తీసుకుని వదిన బజారుకి వెళ్ళింది. ఒక్కదాన్నే మూడు పెట్టెలు తెరిచాను. మధ్య చట్రాలు తీసి, ముందు రాణిని వెతికి పక్కన పెట్టి, మూడేళ్ళ కిందటే చెయ్యాల్సిన పని చేశాను. చూసింది నమ్మబుద్ధి కాక నల్లుల్ని తెల్లగుడ్డ మీద పోసి సూదిమొనతో ఒక్కొక్కటీ పక్కకి తోశాను. నలభై ఒకటి. ముప్పై ఎనిమిది. యాభై రెండు. వాటిని ఊడ్చి గుండీల డబ్బాలో పోసి, బోర్లించిన బక్కెట్ మీద కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రం ఎలాగైనా చెప్పెయ్యాలనే కిందకి దిగాను. నిజంగా అనుకున్నాను.

"ఈసారి కాస్త పెరిగాయి అన్నయ్యా."

"ఎంత?" అన్నయ్య చేతిలో కప్పు ఆగిపోయింది. మెడ ముందుకు చాచి, కనబడని నా మొహం కోసం పక్కచూపుతో వెతుకుతున్నాడు. నలభై ఒకటి అంటే తర్వాత ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. పోయిన నెల రెండుంటే ఈ నెల నలభై ఒకటి ఎలా అవుతాయి అంటాడు. అక్కణ్ణించి అంచు చట్రం, అక్కణ్ణించి నీలం చుక్క.

"పన్నెండు" అన్నాను.

"పన్నెండేనా? నీ గొంతు విని ఏ ముప్పయ్యో అనుకుని హడలిపోయా. పన్నెండుకైతే పిల్లల్ని కాల్చక్కర్లేదు, మందు పోస్తే చాలు." టీ గుక్క వేసి, "పసివాటిని కాల్చాలంటే నా వల్ల కాదే బాబూ" అన్నాడు.

అదే ఆఖరి అవకాశం. ఇరవై రెండు పెట్టెల్లో సగమైనా దక్కేవి. నేను కప్పులు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళాను.

మర్నాడూ ఆ మర్నాడూ మందు పోశాం. ఇద్దరం కళ్ళద్దాలూ చేతి తొడుగులూ వేసుకున్నాం. సిరంజి పిడి మీద ఐదేసి మిల్లీలీటర్లకి ఒక దారపు ముడి వేసి జిగురు పెట్టి ఇచ్చాను, బొటనవేలికి తెలియాలని. అన్నయ్య ఎడమచేతి వేలితో చట్రాల పైభాగాలు తడుముకుంటూ, రెండు చట్రాల మధ్య సందు దొరకగానే సిరంజి మొన అక్కడ ఆనించి, ఈగల వరుస పొడుగునా సన్నగా పోసుకుంటూ వెళ్ళేవాడు. ముడి తగలగానే ఆపేవాడు. తర్వాత సందు. చెక్క మీద ఒక్క చుక్క పడితే ఒట్టు. కళ్ళున్న నేను పోస్తే సగం చెక్కే తాగేది. వదిన పక్కన నిలబడి సందులు లెక్కపెట్టింది. లెక్క మధ్యలో నోరు ఊరుకుంటేనా.

"నాకేనాడైనా ఇంత కొలిచి పోశారా ఏదైనా? ఈగలకైతే చుక్క చుక్కా లెక్కే."

"అవి ఒకసారి కుట్టి ఊరుకుంటాయి" అన్నాడు అన్నయ్య.

"అబ్బో. ఏమ్మా ఆడపడుచా, విన్నావా మీ అన్నయ్య మాట?"

నేను నవ్వాను. ఆ రెండు రోజులూ అన్నయ్య అంత హుషారుగా ఉండటం చూసి, మందు పనిచేస్తుందేమో, షాపాయన ఎక్కువ చేసి చెప్పాడేమో అని ఆశపడ్డాను కూడా. పని అయ్యాక మా ముగ్గురికీ టీ తనే పోశాడు. కప్పు అంచు లోపలికి వేలికొస ఆనించి, వేడి తగలగానే ఆపేస్తాడు. అదీ ఒలకదు.

పది రోజులకి పదకొండో పెట్టె చప్పుడు తగ్గింది. తెరిస్తే అడుగున చచ్చిన ఈగలు బెత్తెడు మందాన ఉన్నాయి. బతికినవి, పాతది పోయాక పుట్టిన రాణి చుట్టూ గుప్పెడు. మందు తగిలి పైనున్న నల్లి చచ్చింది, గదుల్లో ఉన్నది చావలేదు. ఆ గదుల్లోంచి వచ్చిన ఈగలు వారం కూడా బతికేలా లేవు. నాకు అంతా తేటతెల్లంగా కనిపిస్తోంది. అన్నయ్య గుప్పెడు చచ్చిన ఈగల్ని తీసి అరచేతిలో వేసుకుని బొటనవేలితో నెమ్మదిగా పాముతూ నిలబడ్డాడు.

"దీనికెన్ని సందులకి పోశాను?" అన్నాడు వదినతో.

"ఎనిమిదో తొమ్మిదో."

"అదే. ఎనిమిదా, తొమ్మిదా?"

"అంత గుర్తుంటుందేంటండీ."

"ఒక సందుకి రెండుసార్లు పోసుంటాను. ఎక్కువైతే యాసిడ్ ఈగల్నే కాల్చేస్తుంది." అరచేతిలోవి జాగ్రత్తగా పెట్టె మూతమీద పెట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"లేదన్నయ్యా, నేను చూస్తూనే ఉన్నాగా. నువ్వు సరిగ్గానే పోశావ్" అన్నాను.

"నువ్వు పానకం కలుపుతున్నావప్పుడు" అన్నాడు. నిజమే, కలుపుతున్నాను.

ఆ వారంలో ఐదు పెట్టెలు పోయాయి. తర్వాతి వారంలో తొమ్మిది. ఒక్కో పెట్టె ఆగిపోయినప్పుడల్లా అన్నయ్య దాని ముందు నిలబడి, ఆ రోజు ఎక్కడ మొదలుపెట్టాడో, ఎక్కడ సిరంజి నింపుకున్నాడో, ఎక్కడ వదిన మాటకి నవ్వాడో గుర్తు చేసుకునేవాడు. ప్రతిదానికీ ఒక తప్పు దొరికేది ఆయనకి. దీని దగ్గర ముడి రెండుసార్లు తగిలింది. దీని దగ్గర చెయ్యి వణికింది. నాకు ఒళ్ళు మండిపోయేది. వణకలేదు, ఏమీ లేదు, ఎందుకు లేనిపోనివన్నీ నెత్తినేసుకుంటావ్ అని అరిచేదాన్ని. అరిచి మేడమీదికి పోయి, మిషన్ ముందు కూర్చుని ఏడ్చేదాన్ని. చలి మొదలయ్యేసరికి ఆరు మిగిలాయి. ఆ ఆరూ తగ్గి తగ్గి ఒకటికి దిగాయి.

ఒకటి మిగిలిన రోజున అన్నయ్య మెట్లెక్కి నా గదికి వచ్చాడు. ఆ మెట్లెక్కి ఏడాదిపైనే అయింది. సిరంజి, చట్రాలు లేపే ఇనప పట్టీ, పొగడబ్బా ఒక సంచిలో తెచ్చి నా కుట్టుమిషన్ పక్కన పెట్టాడు.

"ఆ ఒక్క పెట్టెనీ నువ్వే చూసుకో చిన్నీ. నా చేతులిక పనికిరావు" అన్నాడు. "కళ్ళు పోయినా చేతులున్నాయిలే అనుకున్నా. ఇంతకాలం అవే నన్ను నిలబెట్టాయి. అవీ అయిపోయాయి."

అప్పుడు చెప్పాను. నా బతుకులో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. రాణి సీసాలో పడటం దగ్గర మొదలుపెట్టి, రుమాలు, జేబు, అంచు చట్రం, షాపాయన మాట, నలభై ఒకటిని పన్నెండని చెప్పటం దాకా ఒక్కటీ దాచలేదు. నీ చేతులకి ఏమీ కాలేదన్నయ్యా, చేసిందంతా నేను, అన్నాను. ఆయన మంచం అంచున కూర్చుని, తల పక్కకి వంచి ఓపిగ్గా విన్నాడు. అంతా అయ్యాక నా తల మీద చెయ్యి వేశాడు.

"పిచ్చిదానా. ఆ రాణిని కూడా నీ మీద వేసుకుంటున్నావా?"

"వేసుకోవటం కాదు, నేనే చంపాను."

"నా వేలికి తెలిసింది చిన్నీ. చట్రం దించుతుంటే చిన్నగా నలిగింది. ఆ నలిగిన చప్పుడు ఇప్పటికీ నా వేలికొసన ఉంది." వేలు పైకెత్తి చూపించాడు. "మూడేళ్ళ నుంచి చెప్పనిది, ఇవాళ నేను సంచి తెస్తే గుర్తొచ్చిందా?"

గుండీల డబ్బా తెచ్చి ఆయన అరచేతిలో కుమ్మరించాను. "ఇవిగో నల్లులు. మూడు పెట్టెల్లోవి. నూట ముప్పై ఒకటి."

అన్నయ్య వేలితో పాముకుని చూశాడు. "ఏదో గింజల్లే ఉన్నాయి" అన్నాడు.

"వదినా, ఒకసారి పైకి రా" అని అరిచాను. వదిన తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. వచ్చి అన్నయ్య అరచేతిలోకి వంగి చూసింది. తర్వాత నావైపు చూసింది. ఆవిడకి చెప్పాను, రెండే ముక్కల్లో. ఆ మనిషి మొహంలో పన్నెండేళ్ళుగా నాకోసం ఉంచుకున్న నవ్వు ఆ నిమిషంలో పోయింది. మంచం మీద కూర్చుని, అన్నయ్య చేతిలోవి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నలభై దాటాక ఆపేసింది.

"నల్లులేనండీ. నిజమే చెప్తోంది ఇది" అంది.

అన్నయ్య నవ్వాడు. చాలా ప్రేమగా నవ్వాడు.

"మీరిద్దరూ ఒక మాట మీదకి రావటం ఈ ఇంట్లో ఎప్పుడైనా జరిగిందా? నాకోసం కూడబలుక్కున్నారు. నాకు తెలీదూ? ఇది పుట్టాక దీని నోట్లోంచి మెత్తటి మాట వినటం ఇదే మొదటిసారి. నా గతి ఎంతదాకా వచ్చిందో దాన్నిబట్టే అర్థమవుతోంది."

అప్పుడు తిట్టాను. నమ్మవేంరా మొండివాడా అని, చెల్లెల్నన్న మాటే మరిచి వరస తప్పి తిట్టాను. గొంతు పోయేదాకా తిట్టాను. "అదీ, ఇప్పుడు మా చిన్నీలా ఉన్నావ్" అని నా భుజం తట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

వదిన లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "ఆ తొమ్మిది రోజులప్పుడు చెప్పినా నమ్మేవారు" అంది. అంతే అంది. అప్పట్నించి నాతో ఉప్పు, పప్పు, తాళంచెవి, ఇలాంటివి తప్ప మాట్లాడటం లేదు.

ఆఖరి పెట్టెకి నేను చెయ్యాల్సినదంతా చేశాను. పిల్లల చట్రాలు తీసి కాల్చాను. మందు పోశాను, సగం చెక్క మీద పడింది. చలిగాలి తగలకుండా దుప్పటి కుట్టి కప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ పది రోజులూ చేసి చూశాను. పదకొండో రోజు పొద్దున మూత తీస్తే రాణి, దాన్ని పట్టుకుని ఏడెనిమిది ఈగలు, అన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి.

వచ్చి అన్నయ్యకి చెప్పాను. గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఇటు తిరగలేదు. "ఊఁ" అన్నాడు. వదిన మందులు తేవడానికి వెళ్ళింది, ఇంట్లో ఇద్దరమే. నాకు ఏం చెయ్యాలో తోచక టీ పెట్టి, గిన్నె, కప్పు తెచ్చి మంచం పక్కన బల్ల మీద పెట్టాను. ఎప్పుడూ అంతే, గిన్నె ముందుంటే పోసుకోవటం ఆయన వంతు.

అన్నయ్య లేచి కూర్చున్నాడు. చేతులు ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

"లే, టీ చల్లారిపోతుంది" అన్నాను.

"నువ్వు పోసివ్వు చిన్నీ" అన్నాడు. "నేను ఒలకబోస్తాను."